మునగ చెట్టు చాటున టయోటా పికప్

మార్చి 8, 2025, శనివారం

బండి వచ్చేసింది. 1991 టయోటా పికప్, రెండు తలుపులది, ఐదు గేర్ల మాన్యువల్, 22ఆర్‌ఈ ఇంజన్. డల్లాస్‌కి రెండు గంటల దూరంలో ఒక పెద్దాయన పశువుల కొట్టం పక్కన ఏడేళ్ళుగా ఎండకి ఎండి వానకి తడుస్తూ నిలబడి ఉంది. 900 డాలర్లు, ట్రైలర్ అద్దె వేరే. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టి ఇచ్చి, నంబరు ప్లేట్లు విప్పి ఆయనే ఉంచుకున్నాడు. టెక్సస్‌లో అమ్మేవాళ్ళు అలా చెయ్యడమే పద్ధతి.

డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉంది. కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు, అందులో కలిసిందన్నమాట. "హెడ్ గ్యాస్కెట్ అయ్యుంటుంది" అన్నాడు పెద్దాయన. ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు అది. నాకు ఇంకో అనుమానం ఉంది.

గ్యారేజీలో చోటు లేదు. రెండు కార్లు పట్టే గ్యారేజీలో ఒక్క కారూ లేదు: ట్రెడ్‌మిల్, సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, బొమ్మల కొలువు సామాను, బతుకమ్మకి కట్టిన స్టేజీ చెక్కలు. కాబట్టి బండి డ్రైవ్‌వేలో దించాం. మాది 1980ల నాటి పాత సబర్బ్. ఇళ్ళకి గ్యారేజీలు ముందు కాదు, వెనక సందు వైపు ఉంటాయి. ఆ సందుని ఇక్కడ ఆలీ అంటారు. చెత్త బండి తప్ప ఎవరూ రారు. ఇంతకంటే చాటు ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను. పైగా మాకు హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) కూడా లేదు.

మార్చి 15

వాల్వ్ కవర్ విప్పాను. అనుమానం నిజమే. 22ఆర్‌ఈలో టైమింగ్ చైన్‌కి (క్రాంక్‌నీ క్యామ్‌నీ కలిపి తిప్పే గొలుసు) రెండు పక్కలా గైడ్లు ఉంటాయి, ప్లాస్టిక్‌వి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి పెళుసెక్కి విరుగుతాయి. డ్రైవర్ వైపు గైడ్ విరిగితే చైన్ వదులై ఊగుతూ టైమింగ్ కవర్ గోడని రాసుకుంటుంది. ఆ గోడ వెనకే కూలెంట్ దారి. గోడ అరిగి చిల్లు పడితే నీళ్ళు నేరుగా ఆయిల్లోకి. పైనుంచి టార్చి వేసి చూస్తే గైడ్ సగానికి లేదు.

హెడ్ గ్యాస్కెట్ కాదు, హెడ్ దించక్కర్లేదు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

మార్చి 22, 23

రేడియేటర్, ఫ్యాను, బెల్టులు, వాటర్ పంపు ఊడదీశాను. క్రాంక్ పుల్లీ బోల్టు ఒక్కటే రెండు గంటలు తిన్నది. చివరికి బ్రేకర్ బార్‌కి నాలుగడుగుల పైపు తొడిగి కూర్చున్నాను, ఫట్‌మని వదిలింది.

ఈ ఇంజన్ మొదటిసారి విప్పేవాళ్ళకి ఒక మాట. టైమింగ్ కవర్ బోల్టులన్నీ తీశాక కూడా కవర్ రాదు. సుత్తి తీసుకోకండి. క్యామ్ స్ప్రాకెట్ కింద, హెడ్ ముందు భాగంలో చిన్న ఆయిల్ గుంట ఉంటుంది. ఆ ఆయిల్ కింద ఒక బోల్టు దాక్కుని ఉంటుంది. గుడ్డతో ఆయిల్ అద్ది తీస్తేగానీ కనబడదు. నేనూ ముప్పావుగంట కవర్ని పట్టుకుని గింజుకున్నాక గుర్తొచ్చింది.

కవర్ లోపల చైన్ కోసిన గాడి చిటికెన వేలు పట్టేంత ఉంది. కొత్త కవర్, స్టీలు వెన్ను ఉన్న గైడ్లు, చైన్, టెన్షనర్, ఆయిల్ పంపు ఆర్డర్ పెట్టాను. ఈ సంగతి రాయకూడదు గానీ రాస్తున్నాను: కూలెంట్ పట్టిన పళ్ళెం ఆ రాత్రి డ్రైవ్‌వే మీదే మూత లేకుండా వదిలేశాను. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున మా ఆవిడ చూసి, "పక్కింటి కుక్కపిల్ల రోజూ ఇటే తిరుగుతుంది, ఏమన్నా అయితే ఏం సమాధానం చెప్తారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఏప్రిల్ 2

అమ్మ, నాన్న నరసరావుపేట నుంచి వచ్చారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. జెట్‌లాగ్ కూడా తీరకుండా ఉదయం ఐదింటికి లుంగీతో బండి ముందు నిలబడ్డారు.

"ఒరేయ్, చైనుకి ప్లాస్టిక్ గైడేంట్రా? లేలాండు వాడు విన్నాడంటే నవ్వుతాడు."

పార్టులు ఇంకా రాలేదు. ఆఫీసులో రిలీజు. బండి అలాగే ఉంది, బానెట్ మీద నీలం టార్పాలిన్.

ఏప్రిల్ 12

తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. రెండు రోజుల కిందటి తేదీ. మేము ముందు గుమ్మం వాడం కదా, చూసుకోలేదు. సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (ఊరి నిబంధనలు అమలు చేసే విభాగం) నుంచి. "జంక్డ్ వెహికల్, పబ్లిక్ న్యూసెన్స్."

జంక్! 900 డాలర్లు పోసి కొన్నది, పైన ఇంకో 400 పార్టులకి పెట్టినది.

ఏప్రిల్ 14

అదే నోటీసు సర్టిఫైడ్ పోస్టులోనూ వచ్చింది. పది రోజుల్లో బండి తీసెయ్యాలి, లేదా అదే పది రోజుల్లోపు హియరింగ్ (విచారణ) కావాలని అడగాలి. ఈ పది రోజులు మనకి కవరు చేరిన రోజు నుంచి కాదు, వాళ్ళు పోస్టు చేసిన రోజు నుంచి. అంటే 10వ తేదీ నుంచి. నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయి.

రాత్రి కూర్చుని చట్టం చదివాను. టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్, 683వ అధ్యాయం, సబ్‌చాప్టర్ ఈ. ఆరేడు పేజీలు, అంతే. చదివేకొద్దీ ఇంజన్ కంటే ఇదే ఆసక్తిగా అనిపించింది.

ముందు జంక్డ్ వెహికల్ అంటే ఏంటన్న నిర్వచనం. విరిగిపోయిన, ఊడదీసిన, సగం ఊడదీసిన లేదా పారేసిన బండి అయినా సరే. నడవకుండా పడి ఉన్న బండి అయినా సరే. నడవని బండికి గడువు: రోడ్డు మీదైతే వరుసగా 72 గంటలు, సొంత స్థలంలో అయితే వరుసగా 30 రోజులు. నాదానికి అప్పటికే 37 రోజులు. అయినా గడువుతో పనేముంది, సగం ఊడదీసిన బండికి అసలు గడువే లేదు. విప్పిన రోజు నుంచే నేను ఆ గీత దాటేశాను.

దీంతోపాటు ఇంకో షరతు కలవాలి: బండికి గడువు తీరని నంబరు ప్లేటు ఉండకూడదు. అంటే రాష్ట్ర చట్టం ప్రకారం రెండూ ఉంటేనే జంక్. ప్లేటు ఉంటే, విప్పిన ఇంజన్‌తో ఉన్నా బతికిపోవచ్చు. కొన్న 30 రోజుల్లో టైటిల్ మార్పించుకోవాలన్న రూలు కూడా నేను నిద్రపోనిచ్చాను. ఆ గడువు ఏప్రిల్ 7నే పోయింది.

సంబరపడి చదువుతుంటే తర్వాతి సెక్షన్ వచ్చింది: సిటీ తన ఆర్డినెన్సులో (స్థానిక చట్టంలో) నిర్వచనాన్ని ఇంకా విశాలంగా పెట్టుకోవచ్చు. మా సిటీ వాళ్ళు పెట్టుకున్నారు. రాష్ట్రం "మరియు" అన్న చోట వీళ్ళు "లేదా" అన్నారు. ఆ ఒక్క మాటతో ప్లేటు దారి మూసుకుపోయింది.

683.072లో ఇలాంటి బండి ఎందుకు న్యూసెన్సో జాబితా ఉంది. పక్కవాళ్ళ ఆస్తి విలువ తగ్గిస్తుంది, ఆకతాయిల్ని రప్పిస్తుంది, నిప్పు ప్రమాదం, పిల్లల్ని ఆకర్షించి ప్రమాదంలో పడేస్తుంది. చివరిదాని దగ్గర ఆగాను. కూలెంట్ పళ్ళెం గుర్తొచ్చింది. సరే, అందులో వాళ్ళది పూర్తిగా తప్పు అనలేను.

అయితే ఆ జాబితా అంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ఆ బండి బహిరంగ స్థలం నుంచి గానీ, పబ్లిక్ దారి నుంచి గానీ "సంవత్సరంలో ఏ సమయంలోనైనా" కనబడుతూ ఉండాలి. నడుస్తుందా లేదా అన్నది రెండో సంగతి. కనబడుతుందా అన్నదే అసలు సంగతి. ఇక మా వెనక సందు, చాటు అనుకుని మురిసిపోయిన సందు, అది కూడా పబ్లిక్ దారే. చెత్త బండి డ్రైవర్ చూసినా చూసినట్టే.

జరిమానా పెద్దది కాదు, రాష్ట్ర చట్టంలో 200 డాలర్లకి మించదు. నాకు టెన్షన్ పెట్టింది వేరే వాక్యం. సిటీ బండిని తీసుకుపోతే, ఆ తర్వాత దాన్ని మళ్ళీ బాగుచేసి నడిపేలా చెయ్యడానికి వీల్లేదని సిటీ తన నిబంధనల్లోనే రాసి పెట్టుకోవాలి. అంటే టోయింగ్ యార్డుకెళ్ళి డబ్బు కట్టి విడిపించుకునే వ్యవహారం కాదు. నేరుగా తుక్కు. హియరింగ్‌లో కూడా, బండి నడుస్తుందని యజమాని చూపిస్తే తప్ప, అది నడవదనే అనుకుంటారట. రుజువు భారం మనదే. టైమింగ్ కవర్ బల్ల మీద, రేడియేటర్ గోడకి ఆనించి ఉంటే నేనేం చూపించను?

ఏప్రిల్ 15

లంచ్ టైములో కోడ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. టార్పాలిన్ కప్పితే సరిపోదా అని అడిగాను. సరిపోదంది. ఏం చేస్తే సరిపోతుందంటే, "తలుపులున్న కట్టడంలో పెట్టండి, లేకపోతే నడిపించండి" అంది. ఫిర్యాదు ఎవరిచ్చారని అడగలేదు. అడిగినా చెప్పరు, తెలిస్తే నాకే మంచిది కాదు.

రాత్రి 683.077 చదివాను, మినహాయింపుల సెక్షన్. మొదటిది ఆవిడ చెప్పిందే: పూర్తిగా కట్టడం లోపల ఉండి, వీధి నుంచి గానీ పక్క స్థలాల నుంచి గానీ కనబడకపోతే ఈ చట్టం అంటదు. రెండోది నాలాంటి పిచ్చివాళ్ళ కోసం. కనీసం 25 ఏళ్ళు నిండిన బండి యాంటిక్. అలాంటిదాన్ని సొంతానికి, బాగుచేసి దాచుకోవడానికి కొన్నవాడు కలెక్టర్. కలెక్టర్ తన స్థలంలో ఆరుబయటైనా పెట్టుకోవచ్చు. పద్ధతిగా ఉంచాలి, ఆరోగ్యానికి హాని ఉండకూడదు, జనం కంట పడకుండా తగిన అడ్డు ఉండాలి. ఆ అడ్డు ఏదంటే: కంచె, త్వరగా పెరిగే చెట్లు, లేదా పొదలు.

త్వరగా పెరిగే చెట్లు! చట్టంలోనే ఉంది. పెద్దగా చదివి తెలుగులో చెప్పాను.

"మునగ వెయ్యరా" అంది అమ్మ, పోపు పెడుతూనే. "మూడు నెలల్లో మిద్దెక్కుద్ది."

మూడు నెలలు. నాకున్నది ఐదు రోజులు.

నిద్ర పట్టక ఇంకాస్త తవ్వాను. 1965 నాటి హైవే బ్యూటిఫికేషన్ చట్టంలోనూ ఇదే వాసన. టెక్సస్ మనిషే అయిన అప్పటి ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ సంతకం పెట్టినది, ఆయన భార్య లేడీ బర్డ్ పట్టుబట్టినది. పెద్ద హైవేలకి వెయ్యి అడుగుల్లోపు ఉన్న తుక్కు యార్డులు రోడ్డు మీదికి కనబడకుండా మొక్కలో, కంచెలో, ఇంకేవో తగిన అడ్డులో పెట్టాలని అందులో ఉంది. తుక్కు ఉండకూడదని కాదు, కారులో వెళ్ళేవాడి కంట పడకూడదని.

కాలిఫోర్నియాలో, శాక్రమెంటోలో ఉన్న మా బాబాయి కొడుకు ఫోన్‌లో నవ్వాడు. "అన్నా, మా కౌంటీలో అయితే నువ్వు ఎప్పుడో దొరికిపోయేవాడివి." అక్కడ మూసిన గ్యారేజీ బయట రిపేరు మొదలుపెట్టి బండి 24 గంటలకి మించి కదలకుండా ఉంటే జోనింగ్ కోడ్ (ఏ స్థలంలో ఏం చెయ్యొచ్చో చెప్పే నిబంధనలు) ఒప్పుకోదు. మామూలు ఇళ్ళలో ఉండని పనిముట్లు వాడినా ఒప్పుకోదు. నా ఇంజన్ హాయిస్ట్ ఆ లెక్కలో ఎక్కడికి వస్తుందో.

నాన్నకి ఇదంతా వింత. "మన దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే పట్టుకుంటారు. దొడ్లో పడేసుకున్నదాన్ని అడిగేదెవడు?" అన్నారు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ కూడా బండి నడపడం గురించే చెప్తుంది. "పోలీస్ స్టేషన్ ముందే గుట్టలు పడి ఉంటాయి, వాటికి నోటీసు ఎవడిస్తాడు?"

ఏప్రిల్ 16

ముందు జాగ్రత్తగా హియరింగ్ కావాలని ఈమెయిల్, దాంతోపాటు చేతి రాతతో ఒక కాపీ సిటీ కౌంటర్లో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. నోటీసు అందిన 11వ రోజుకి ముందు హియరింగ్ పెట్టకూడదు కాబట్టి కొంచెం ఊపిరి.

ఏప్రిల్ 17

కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. ఫారం 130-యూ, టైటిల్, ఇన్సూరెన్సు కాగితం. ఆలస్యానికి పెనాల్టీ కట్టాను. రిజిస్ట్రేషన్ బేస్ ఫీజు 50.75 డాలర్లు, దాని మీద ఇన్‌స్పెక్షన్ బదులు ఫీజు అని 7.50. ఈ ఏడాది జనవరి 1 నుంచి టెక్సస్‌లో మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. పొగ పరీక్ష మా కౌంటీలో ఉంది గానీ 25 ఏళ్ళు దాటిన బండికి అక్కర్లేదు. అలా ఇంజన్ ముక్కలుగా ఉన్న బండికి చక్కటి కొత్త ప్లేట్లు, స్టిక్కరు వచ్చాయి. యాంటిక్ ప్లేట్లు తీసుకోలేదు. వాటితో ప్రదర్శనలకీ పెరేడ్లకీ వెళ్ళొచ్చు గానీ రోజూ హోమ్ డిపోకి వెళ్ళకూడదు.

ఏప్రిల్ 19, శనివారం

అసలు ప్రాజెక్టు ఇంజన్ కాదు, గ్యారేజీ.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. పదకొండేళ్ళ సామాను. మా ఆవిడ మూడు కుప్పలు చేయించింది: ఉంచేవి, ఇచ్చేవి, నోరెత్తకుండా పారేసేవి. మూడో కుప్పలో నా పాత ప్రింటర్లు నాలుగున్నాయి. నేను నోరెత్తలేదు. బతుకమ్మ చెక్కలు తెలుగు సంఘం వాళ్ళకి చెప్పి పంపించాం, అవి ఎవరి గ్యారేజీలో పడ్డాయో వాళ్ళకి నా సానుభూతి.

పికప్ పొడవు పద్నాలుగున్నర అడుగులు, గ్యారేజీ లోతు 20. ముందు భాగంలో పని చేసుకోవడానికి ఐదడుగులు మిగులుతుంది. ట్రెడ్‌మిల్‌ని గోడకి నిలబెట్టి కట్టేశాను.

సాయంత్రం ముగ్గురు ఫ్రెండ్స్ వచ్చారు. బిర్యానీ అని పిలిచి బండి తోయించడం ఏంటి మావా అన్నాడొకడు. డ్రైవ్‌వే గ్యారేజీ వైపు కాస్త ఎత్తు. టైర్లలో గాలి లేదని రెండోసారి తోశాక తెలిసింది. గాలి కొట్టాక నలుగురం తోస్తే, నాన్న లోపల కూర్చుని స్టీరింగ్ తిప్పుతూ, "ఎడమకి, ఎడమకిరా, పాసింజర్లు దిగి తోయండి" అని అరుస్తూ ఎక్కించారు. షటర్ దించాం. బంపర్‌కీ తలుపుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు.

ఏప్రిల్ 22

ఇన్‌స్పెక్టర్ వచ్చి సందులోంచి ఫోటో తీసుకుంది. కేసు మూసేశామని, హియరింగ్ అక్కర్లేదని చెప్పింది. నేను ఒకటి అడిగాను: మే, జూన్‌లో తలుపు మూసి ఆ వేడిలో పని చెయ్యలేను, తెరిచి ఉంచితే కనబడుతుంది కదా? ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, పని చేస్తున్నంత సేపు పరవాలేదు, లేచి వెళ్ళేటప్పుడు మూసెయ్యండి అంది. ఇది ఏ సెక్షన్‌లోనూ లేదు. ఆవిడ మంచితనం.

ఏప్రిల్ 26

పార్టులన్నీ వచ్చాయి. అమ్మ ఇండియన్ స్టోర్‌లో కొన్న మునగ గింజలు కంచె వెంట ఐదు చోట్ల పెట్టింది. బండి లోపలికి పోయింది కదమ్మా, ఇప్పుడెందుకు అంటే, "మళ్ళీ ఇంకోటి కొనవా నువ్వు?" అంది.

మే 10 నుంచి జూన్ 14 దాకా

ఈ నెలంతా వారానికి నాలుగు గంటలు దొరికితే గొప్ప. ఆయిల్ పాన్ దించి కడిగాం, అడుగున గైడ్ ముక్కలు పన్నెండు దొరికాయి. నాన్న వాటిని బల్ల మీద పేర్చి గైడ్ ఆకారం పూర్తయ్యేదాకా వదల్లేదు. ఒక్క ముక్క పోయినా ఆయిల్ పంపు జాలీలో ఇరుక్కుంటుందన్నది ఆయన భయం. పదమూడోది జాలీలోనే ఉంది.

చైన్ ఎక్కించేటప్పుడు క్రాంక్ కీ పైకి, క్యామ్ పిన్ను పన్నెండు గంటల చోటుకి తెచ్చి, మెరిసే లింకులు స్ప్రాకెట్ గుర్తుల మీద కూర్చోబెట్టాలి. ఇద్దరం చెరోసారి చూసి ఫోటో తీసుకున్నాం. కొత్త కవర్, కొత్త వాటర్ పంపు. దాక్కున్న బోల్టుని ఈసారి అందరికంటే ముందు బిగించాను.

జూలై 5

తలుపు బార్లా తెరిచి, ఫ్యాను బయటికి పెట్టి, తాళం తిప్పాను. మూసిన గ్యారేజీలో ఇంజన్ స్టార్ట్ చేస్తే ప్రాణాలే పోతాయి, ఈ విషయంలో చట్టం కనబడకూడదన్నా నేను వినను. మొదటిసారి ఇంటేక్‌లోంచి ఢామ్మని పేలింది. సందులో కుక్కలన్నీ లేచాయి. డిస్ట్రిబ్యూటర్ ఒక పన్ను తేడాగా కూర్చోబెట్టాను. తీసి, రోటర్‌ని ఒకటో సిలిండర్ వైపు తెచ్చి మళ్ళీ పెట్టాక రెండో తిప్పుకి అందుకుంది. టర్రుమని ఐడిల్. నాన్న చెవి బానెట్‌కి దగ్గరగా పెట్టి, "చైను చప్పుడు లేదు" అన్నారు. ఆయన నోటి నుంచి మెప్పు అంటే అంతే.

వేడెక్కాక టైమింగ్ లైట్‌తో 5 డిగ్రీలు, డయాగ్నస్టిక్ టెర్మినల్స్ కలిపి. టాపెట్ల గ్యాపు ఇంటేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు, ఇంజన్ వేడి మీదే. ఫీలర్ గేజ్ నాన్న చేతికే ఇచ్చాను. కూలెంట్ ఆనవాళ్ళు పోవడానికి యాభై మైళ్ళకే ఆయిల్ మార్చాం, మళ్ళీ రెండు వందలకి.

సెప్టెంబరు 20

మునగ కంచెని దాటి సందులోకి తొంగిచూస్తోంది. రోజూ ఆకు పప్పు. అమ్మానాన్నల ప్రయాణం వచ్చే వారం. బండి ఇప్పుడు డ్రైవ్‌వేలోనే ఉంటోంది, ప్లేటూ ఉంది, నడుస్తోంది, అడ్డంగా చెట్టూ ఉంది. గ్యారేజీలో మళ్ళీ బియ్యం బస్తాలు చేరుతున్నాయి.

డిసెంబరు 14

మంచు దెబ్బకి మునగ ఒక్క రాత్రిలో నల్లగా ఉడికినట్టయిపోయింది. పొద్దున చూస్తే వట్టి కర్రలు, వాటి సందుల్లోంచి బండి సందు పొడవునా కనబడుతోంది. "సంవత్సరంలో ఏ సమయంలోనైనా" అన్న మాట ఎవరు రాశారో గానీ డల్లాస్ చలికాలం చూసే రాసుంటారు. మునగని నమ్ముకుని ఇంజన్ విప్పి పెట్టుకుని ఉంటే ఈపాటికి రెండో నోటీసు వచ్చేది.

కాండాలు అడుగు ఎత్తున కోసి, మొదళ్ళ మీద మల్చ్ గుట్టగా పోశాను. కొమ్మలు కట్టలు కట్టి పికప్ వెనకాలే వేసుకుని సిటీ యార్డుకి తీసుకెళ్ళాను. మిగిలిన పనులు: ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ దగ్గర చిన్న లీకు, హీటర్ వాల్వ్, డ్రైవర్ సీటు. సీటు గ్యారేజీలోనే విప్పుతాను. అమ్మకి వీడియో కాల్‌లో బండి చూపించబోతే, కెమెరా చెట్టు వైపు తిప్పమంది.